లక్ష కిలోమీటర్లు దాటిన కారు ఇంజన్‌లో టిక్ టిక్ శబ్దం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు పాత కార్లు తెచ్చేవారు ఈ శబ్దం గురించి అడిగే ప్రశ్నలను, వాటికి మేము చెప్పే సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను. చాలామంది "హెడ్ (వాల్వులు ఉండే ఇంజన్ పైభాగం) దించాలన్నారండీ, నిజమేనా?" అన్న భయంతో వస్తారు. చాలా సందర్భాలలో అంత దూరం వెళ్ళనవసరం లేదు. అయితే ఎక్కడ నుంచి శబ్దం వస్తోందో తేల్చుకోకుండా ఇంజన్ మీద పానా పెట్టకూడదు.

ట్యాపెట్ శబ్దం అంటే అసలు ఏమిటి?

ఇంజన్ లోపలికి గాలి రావడానికీ, కాలిన వాయువు బయటికి పోవడానికీ వాల్వులు తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. వాటిని తెరిచేది క్యామ్ షాఫ్ట్. క్యామ్‌కూ వాల్వుకూ మధ్య రాకర్ ఆర్మ్ గానీ, బకెట్ ఆకారంలో ఉండే ట్యాపెట్ గానీ ఉంటుంది. వాల్వు కాండం వేడికి సాగుతుంది కనుక, అది సాగినప్పటికీ పూర్తిగా మూసుకోగలిగేలా ఈ భాగాల మధ్య చిన్న ఖాళీ వదిలిపెడతారు. ఆ ఖాళీ ఎంత చిన్నదంటే, జెరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు అనుకుంటే, చాలా పెట్రోలు ఇంజన్లలో ఇది రెండు మూడు కాగితాల మందానికి మించదు. అరుగుదల వల్ల ఆ ఖాళీ పెరిగితే, క్యామ్ తిరిగిన ప్రతిసారీ రాకర్ మెల్లగా ఆనుకోవడానికి బదులు వాల్వు తలను కొడుతుంది. మనకు వినిపించే టిక్ అదే.

ఆటోనగర్ మాటలో పైభాగంలో వినిపించే ప్రతి శబ్దాన్నీ "ట్యాపెట్లు కొడుతున్నాయి" అనే అంటారు. ఆ మాటలోనే చాలా పొరపాట్లకు మూలం ఉంది, ఎందుకంటే వాల్వులతో సంబంధం లేని కనీసం అయిదారు కారణాలు అచ్చం అదే శబ్దాన్ని ఇస్తాయి.

శబ్దం వాల్వులదేనని వేగాన్ని బట్టి చెప్పవచ్చునా?

కొంతవరకు చెప్పవచ్చు. క్యామ్ షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌లో సగం వేగంతో తిరుగుతుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, ఒక్కొక్క వాల్వు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు ఆరేడు సార్లు తెరుచుకుంటుంది. క్రాంక్‌కు సంబంధించిన కొట్టుడు చుట్టుకొకటి చొప్పున వస్తే సెకనుకు పదమూడు దాకా ఉంటుంది. చెవితో ఇంత వేగాన్ని లెక్కపెట్టడం కష్టం కనుక, ఫోన్‌లో పది సెకన్లు రికార్డు చేసి నాలుగో వంతు వేగంతో వినిపించుకోండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కానీ ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. హెడ్ నుంచి కాలిన వాయువును పొగగొట్టంలోకి చేర్చే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ దగ్గర గ్యాస్ లీకు, వదులైన స్పార్క్ ప్లగ్, పెట్రోలు ఇంజెక్టర్ల చిటపట కూడా ఒక సిలిండరుకు సంబంధించినంత వరకు సాధారణంగా రెండు చుట్లకు ఒకసారే వస్తాయి. కాబట్టి సగం వేగం వినిపించింది కదా అని వాల్వుల మీద తీర్పు చెప్పకూడదు. అది కింది భాగపు శబ్దం కాకపోవచ్చునని మాత్రమే తెలిసింది.

శబ్దం మొదలైన రోజున అన్నిటికంటే ముందు ఏమి చూడాలి?

ఆయిల్. కారును సమతలం మీద నిలిపి, ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూడండి. మట్టం కింది గీతకు దిగువన ఉంటే ఆయిల్ పంపు గాలిని కూడా పీలుస్తుంది, ఆ గాలి బుడగలు పైకి చేరి హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ప్రెషర్‌తో ఆ ఖాళీని తమంతట తామే పూడ్చే ట్యాపెట్లు) మెత్తబడి శబ్దం చేస్తాయి. మట్టం పై గీతకు బాగా ఎగువన ఉన్నా దాదాపు అదే జరుగుతుంది. క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌లో మునిగి, మజ్జిగ చిలికినట్టు నురుగు చేస్తుంది. తక్కువైతేనే తప్పు, ఎక్కువైతే మంచిదేనని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు.

తరువాత ఆయిల్ వయసు, గ్రేడు (చిక్కదనం) చూడాలి. మీ కారు పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని ఉండగా లోపల ఏమి పోశారో బిల్లు మీద వెతకండి. బిల్లు లేకపోతే, సరైన గ్రేడు ఆయిల్, నమ్మకమైన ఫిల్టరు వేయించి మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి మళ్ళీ వినండి. మిగతా పరీక్షలన్నీ ఆ తరువాతనే.

ఆయిల్ లైటు వెలగడం లేదు కనుక ప్రెషర్ బాగుందని అనుకోవద్దు. చాలా కార్లలో ఆ లైటు ప్రెషర్ అర బార్ కంటే తక్కువకు, దాదాపు ఏమీ లేని స్థితికి పడిపోయినప్పుడే వెలుగుతుంది. ఆయిల్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజీ బిగించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కొలిస్తేనే నిజం తెలుస్తుంది. నిమిషానికి వెయ్యి చుట్ల వేగానికి సుమారు 10 పీఎస్ఐ చొప్పున ఉండాలన్నది పాత మెకానిక్కుల లెక్క. మీ ఇంజనుకు కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన అంకె దొరికితే దానినే ప్రమాణంగా తీసుకోవాలి. ఇది పావుగంట పని. హెడ్ దించమని చెప్పేవారిని ముందుగా ఈ కొలత చూపించమని అడిగే హక్కు మీకు ఉంది.

ఉదయం స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని ఆగిపోతుంది. భయపడాలా?

హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉన్న పాత ఇంజనులో అంతమాత్రం శబ్దానికి భయపడనవసరం లేదు. రాత్రంతా నిలిచి ఉన్నప్పుడు, తెరిచి ఉన్న వాల్వు స్ప్రింగు బరువుకు ఆ లిఫ్టరులోని ఆయిల్ మెల్లగా బయటికి జారుతుంది. ఇంజన్ తిరిగి ప్రెషర్ వచ్చాక అది మళ్ళీ నిండుతుంది.

అయితే అది పది పదిహేను సెకన్లకు పెరిగితే మొదట అనుమానించవలసింది ఆయిల్ ఫిల్టరును. మంచి ఫిల్టరు లోపల రబ్బరు కవాటం ఒకటి ఉండి, ఇంజన్ ఆగాక ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపుతుంది. నాసిరకం ఫిల్టర్లలో ఆ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది లేదా అసలు ఉండదు. మేము ఒక ఫిల్టరును కోసి చూసినప్పుడు రబ్బరు పొర వేలితో వంచగానే పెంకులా విరిగింది. పెట్టె మాత్రం అసలుదానికి ఏమాత్రం తీసిపోకుండా ఉంది. శబ్దం ఇంజన్ ముందు వైపు, అంటే బెల్టులు ఉండే వైపు, గొలుసు ఊగినట్టు వినిపిస్తే అది క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్ గురించి ఆలోచించవలసిన విషయం. చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. సాగిన చైన్‌ను వాయిదా వేయకూడదు, అది పళ్ళ చక్రం మీద ఒక పన్ను జారితే వాల్వులు పిస్టన్లను తాకి వంగిపోయే ప్రమాదం ఉంది.

చల్లగా ఉన్నప్పుడు వస్తే ఒక అర్థం, వేడెక్కాక వస్తే మరొక అర్థం ఉంటుందా?

ఉంటుంది, అందుకే మెకానిక్కుకు చెప్పవలసిన మొదటి సమాచారం ఇదే. చల్లని ఇంజనులో గట్టిగా ఉండి, అయిదారు నిమిషాలలో తగ్గిపోయే శబ్దం ఎగ్జాస్ట్ లీకుదో, పిస్టన్ బోరులో అటూ ఇటూ తగలడానిదో కావచ్చు. లోహం వేడికి సాగి సందును మూసేస్తుంది కాబట్టి శబ్దం తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, ట్రాఫిక్‌లో ఇంజన్ బాగా కాగిన తరువాత ఐడిల్‌లో మొదలయ్యే శబ్దం ఆయిల్ పలచబడి ప్రెషర్ పడిపోతోందనడానికి గుర్తు. బెంజి సర్కిల్ దగ్గర మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని సిగ్నల్‌లో నిలబడినప్పుడు మాత్రమే వినిపిస్తుందని ఎవరైనా చెబితే, మా చేయి ముందు ప్రెషర్ గేజీ మీదికే పోతుంది. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకే తీరుగా, వేగంతో పాటు పెరిగే శబ్దం సాధారణంగా ట్యాపెట్ ఖాళీ పెరగడం వల్ల వస్తుంది.

ఇంట్లో ఉన్న పనిముట్లతో శబ్దం చోటు ఎలా కనిపెట్టాలి?

పొడవాటి స్క్రూడ్రైవరు చాలు. దాని మొనను ఇంజన్ పైనుండే ట్యాపెట్ కవర్ బోల్టుల మీద ఒక్కొక్కటిగా ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు అదిమి వినండి. మెకానిక్ స్టెతస్కోపు దొరికితే ఇంకా మేలు, అది పెద్ద ఖరీదైన వస్తువు కాదు. నాలుగు సిలిండర్ల మీదుగా నెమ్మదిగా జరుగుతూ పోతే, ఒకచోట టిక్ పుర్రెలోనే కొట్టినట్టు పదునుగా వినిపిస్తుంది, పక్క బోల్టు దగ్గరే మసకబారుతుంది. ఆ తరువాత కవర్ మీద నుంచి కిందికి, బ్లాకు మీదికి, అడుగున ఆయిల్ నిలిచే చాంబరు వైపు దిగండి. పైన గట్టిగా ఉండి దిగేకొద్దీ తగ్గితే వాల్వుల వైపు ఆలోచించవచ్చు, దిగేకొద్దీ పెరిగితే ఆలోచన మారాలి.

ఈ పని చేసేటప్పుడు చీర కొంగు, చున్నీ, కండువా, వదులు చేతులు బెల్టుకు దూరంగా ఉండాలి. రేడియేటర్ ఫ్యాను హెచ్చరిక లేకుండా తిరగడం మొదలుపెడుతుందని మరచిపోవద్దు.

మేనిఫోల్డ్ లీకును ట్యాపెట్ శబ్దంగా నిజంగా పొరబడతారా?

పొరబడతారు, నేనే పొరబడ్డాను. నా సొంత కారు అప్పటికి లక్షా నలభై వేలు తిరిగింది. ఉదయం పూట స్టార్ట్ చేస్తే టిక్ టిక్ అని మొదలై, బందరు రోడ్డు ఎక్కేసరికి తగ్గిపోయేది. ట్యాపెట్లేనని నిశ్చయించుకుని రెండు సార్లు కవర్ విప్పి ఖాళీలు చూశాను. అన్నీ కొలత ప్రకారమే ఉన్నాయి. నాకంటే పెద్దవాడైన మరొక మెకానిక్కు హెడ్ పనికి ఇచ్చేయమని సలహా ఇచ్చాడు, ఇవ్వడానికి సిద్ధపడ్డాను కూడా. ఆ ముందు రోజు సాయంత్రం ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీది వేడి రేకును విప్పితే, మూడో సిలిండరు దగ్గర గాస్కెట్ అంచున వేలి గోరంత మేర నల్లటి మసి, విసనకర్ర విప్పినట్టు, హెడ్ మీద పరుచుకుని కనిపించింది. ఒక స్టడ్ విరిగి, దాని నట్టు చోటులోనే తుప్పు పట్టి ఉండడం వల్ల పైనుంచి చూస్తే బిగువుగానే అనిపించేది. స్టడ్ తీయించి, గాస్కెట్ మార్చాక శబ్దం లేదు.

అప్పటి నుంచి మేము పాటిస్తున్న పద్ధతి ఏమిటంటే, రాత్రంతా చల్లారిన ఇంజనును స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే ఒక మీటరు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను మేనిఫోల్డ్ కీళ్ళ వెంట తిప్పుతాము. లోహపు శబ్దం స్క్రూడ్రైవరులో బాగా వినిపిస్తుంది, గాలి శబ్దం గొట్టంలో బాగా వినిపిస్తుంది. లీకు ఉంటే టిక్‌తో పాటు చిన్న ఊపిరి లాంటి "ఫుస్" తగులుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు శబ్దం హెచ్చడం కూడా లీకు లక్షణమే.

ఇంకా ఏవి ట్యాపెట్ శబ్దంలా వినిపిస్తాయి?

ఇంజెక్టర్లు సహజంగానే టిక్‌మంటాయి, ముఖ్యంగా నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే ఇంజన్లలో. ఆ శబ్దం నాలుగింటిలోనూ సమానంగా ఉంటే అది ఇంజన్ స్వభావం, రోగం కాదు. స్పార్క్ ప్లగ్ వదులైతే కంప్రెషన్ బయటికి తన్ని టిక్‌మంటుంది, ప్లగ్ గుంతలో నల్లటి నూనె మరక కనిపిస్తుంది. కాయిల్ నుంచి కరెంటు హెడ్‌కు దూకితే వచ్చే చిటచిట చీకటిలో చిన్న నీలి మెరుపుతో పట్టుబడుతుంది. పెట్రోలు ఆవిరిని ట్యాంకు వైపు నుంచి ఇంజనులోకి వదిలే పర్జ్ వాల్వు అనే చిన్న విద్యుత్ కవాటం ఇంజన్ వేడెక్కాక టిక్‌టిక్‌మని పనిచేస్తుంది. దానిమీద వేలు పెడితే కొట్టుకోవడం తెలుస్తుంది. డీజిల్ కార్లలో ఇంజెక్టరు కింది రాగి వాషరు కాలిపోతే, గ్యాస్ తన్నిన శబ్దంతో పాటు ఇంజెక్టరు చుట్టూ తారు లాంటి గట్టి మసి పేరుకుంటుంది.

ఆల్టర్నేటరు, ఏసీ కంప్రెసరు వంటి వాటి మీద అనుమానముంటే, బెల్టు విప్పి ఇంజనును చల్లగా ఉన్నప్పుడు పదిహేను ఇరవై సెకన్లు మాత్రమే నడిపి చూడాలి. చాలా కార్లలో నీటి పంపు కూడా అదే బెల్టు మీద ఉంటుంది కాబట్టి అంతకు మించి నడపకూడదు.

నా కారులో ట్యాపెట్లు సర్దుబాటు చేసే వీలు ఉందా?

అది ఇంజన్ రకాన్ని బట్టి ఉంటుంది. అంబాసిడర్ కాలం నుంచి ఉన్న పద్ధతి రాకర్ మీద స్క్రూ, లాక్ నట్టు. హోండా సిటీ 1.5 లీటరు ఐ-వీటెక్ పెట్రోలు ఇంజన్లలోనూ స్క్రూ, నట్టే ఉన్నాయి. కొన్ని ఇంజన్లలో క్యామ్ నేరుగా బకెట్ ట్యాపెట్ మీద తిరుగుతుంది. అక్కడ ఖాళీ మార్చాలంటే తగిన మందం గల షిమ్ అనే లోహపు బిళ్ళను గానీ, బకెట్‌నే గానీ మార్చాలి. పాత ఇన్నోవా 2.5 డీజిల్ షిమ్ రకం. స్విఫ్ట్, ఇండికా విస్టా వంటి ఎన్నో కార్లలో వచ్చిన 1.3 లీటరు ఫియట్ డీజిల్ ఇంజనులో హైడ్రాలిక్ అడ్జస్టర్లు ఉంటాయి, వాటికి ఖాళీ కొలిచి సర్దే పని ఉండదు. ఆ ఇంజనుకు "ట్యాపెట్ సెట్టింగ్ చేశాం" అని ఎవరైనా బిల్లు రాస్తే, ఏమి చేశారో వివరంగా అడగండి.

ఖాళీని ఎలా కొలుస్తారు? ఎదురుగా నిలబడి చూస్తే ఏమి గమనించాలి?

ముందుగా ఇంజన్ ఉష్ణోగ్రత. పైన చెప్పిన హోండా ఇంజనుకు హెడ్ 38 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే కొలవాలని నియమం, ఖాళీ ఇన్‌టేక్‌కు 0.15 నుంచి 0.19 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 0.26 నుంచి 0.30. మన ఊళ్ళో రోహిణి కార్తెలో మధ్యాహ్నం గాలే నలభై దాటి ఉంటుంది. ఎండలో నిలబెట్టిన కారు ఎన్ని గంటలు ఆగినా 38కి దిగదు. అందుకని వేసవిలో ఈ పనికి కారును ముందు రోజు రాత్రే షెడ్డులో వదిలి వెళ్ళమని చెప్పి, తెల్లవారి ఆరు గంటలకు కవర్ విప్పుతాము. పదకొండు గంటలకు కారు తోలుకొచ్చి గంటలో ట్యాపెట్లు సరిచేసి ఇమ్మంటే కుదరదని చెప్పడానికి కారణం ఇదే.

తరువాత కొలిచే సిలిండరు వాల్వులు రెండూ పూర్తిగా మూసి ఉండాలి. ఫైరింగ్ క్రమం 1-3-4-2 ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజనులో, నాలుగో సిలిండరు వాల్వులు ఒకటి మూసుకుంటూ మరొకటి తెరుచుకుంటూ ఊగే చోట క్రాంక్‌ను ఆపితే ఒకటో సిలిండరును కొలవవచ్చు. ఒకటి ఊగితే నాలుగు, మూడు ఊగితే రెండు, రెండు ఊగితే మూడు.

ఖాళీని కొలిచే ఫీలర్ గేజీలోని తగిన మందం గల రేకును సందులోకి దూర్చినప్పుడు అది జారిపోనూ కూడదు, ఇరుక్కుపోనూ కూడదు. నూనె రాసిన రెండు అద్దాల మధ్య నుంచి కాగితం లాగినట్టు సన్నని పట్టు తెలియాలి. స్క్రూను ఆ పట్టుకు తెచ్చి, లాక్ నట్టు బిగించాక మళ్ళీ ఒకసారి కొలవాలి, ఎందుకంటే నట్టు బిగించేటప్పుడు స్క్రూ కొద్దిగా తిరుగుతుంది. ఈ రెండో కొలత వదిలేసిన పనులే చాలావరకు వారం తిరగకుండా వెనక్కి వస్తాయి.

ఎక్కువ తిరిగిన ఇంజన్లలో మరొక చిక్కు ఉంటుంది. రాకర్ మొన వాల్వును తాకే చోట అరిగి చిన్న గుంట పడుతుంది. ఫీలర్ రేకు చదునుగా ఉంటుంది కాబట్టి గుంట అంచుల మీద ఆనుకుని, లోతును కొలవదు. రేకు 0.17 అని చెబుతున్నా, అసలు ఖాళీ ఇంకా ఎక్కువ. సర్దినా శబ్దం పోలేదంటే రాకర్‌ను తీసి మొన మీద గోరు పెట్టి గీయండి, గుంట ఉంటే గోరు తట్టుకుంటుంది.

కాస్త ఎక్కువ బిగించి శబ్దం పూర్తిగా లేకుండా చేయమంటే చేస్తారా?

చేయము. ఖాళీ కొలత కంటే తగ్గితే, వేడెక్కిన తరువాత వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు మీద కూర్చున్న క్షణాలలోనే హెడ్‌కు వదులుకుంటుంది. కూర్చోవడమే సరిగా లేకపోతే అంచు మాడి, చిల్లి పడుతుంది. అప్పుడు నిజంగానే హెడ్ దించాలి. కొద్దిగా మాట్లాడే ట్యాపెట్ ఇంజనుకు చేసే హాని స్వల్పం, మూగబోయిన ట్యాపెట్ చేసేది పెద్ద నష్టం.

సీఎన్‌జీ గానీ ఎల్పీజీ గానీ బిగించిన కార్లవారు ఈ మాటను మరింత పట్టించుకోవాలి. గ్యాస్ పొడిగా కాలుతుంది, దానికి తగిన గట్టి సీట్లు లేని ఇంజన్లలో వాల్వు సీటు క్రమంగా అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. దిగేకొద్దీ ఖాళీ తగ్గుతుంది, శబ్దమూ తగ్గుతుంది. "ఈ మధ్య ఇంజన్ చాలా సైలెంటుగా ఉందండీ, కానీ ఉదయం స్టార్టింగ్ కష్టంగా ఉంది" అని చెప్పిన గ్యాస్ కార్లను మేము ఆ రోజే ఖాళీలు చూడకుండా పంపము.

చిక్కటి ఆయిల్ పోస్తే, లేదా ఏదైనా మందు కలిపితే తగ్గుతుందంటున్నారు.

తగ్గవచ్చు, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. 20డబ్ల్యూ-50 పోసి శబ్దం అణచి కారు అమ్మేయడం పాత అలవాటు. పలచని ఆయిల్ కోసం తయారైన ఇంజనులో సన్నని దారులు ఉంటాయి. చిక్కటి ఆయిల్ వాటిలోకి ఆలస్యంగా చేరుతుంది, చల్లని స్టార్టులో క్యామ్‌కు నూనె అందని సెకన్లు పెరుగుతాయి.

లిఫ్టర్లు మడ్డి పట్టి శబ్దం చేస్తున్నాయని నమ్మకం కుదిరితే, మేము ఇచ్చే సలహా ఓపికతో కూడినది. సరైన గ్రేడు మంచి ఆయిల్, ఫిల్టరు వేసి వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లకే మార్చడం, అలా రెండు మూడు విడతలు. ఒకేసారి ఘాటైన ఫ్లష్ పోస్తే, ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి పెళ్ళలుగా ఊడి ఆయిల్ చాంబరులోని జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిల్ మూత తీసి లోపల టార్చి వేసినప్పుడు వేలితో గీస్తే గీత పడేంత మడ్డి కనిపించిన ఇంజనుకు ఫ్లష్ వేయడాన్ని నేను ఒప్పుకోను. ముందు చాంబరు దించి జల్లెడ శుభ్రం చేయాలి.

ఆయిల్ బాగుంది, ఖాళీలు సరిగా ఉన్నాయి, లీకు లేదు. అయినా శబ్దం ఉంది. తరువాత?

అప్పుడు క్యామ్ లోబులు (వాల్వును నొక్కే ఉబ్బెత్తు భాగాలు), వాల్వు గైడ్లు (వాల్వు కాండం జారే గొట్టాలు), స్ప్రింగులు చూడాలి. లోబు అరిగితే వాల్వు పూర్తిగా లేవదు, ఆ సిలిండరు మందగించి ఐడిల్ ఊగుతుంది. క్యామ్‌ను లేత్ షాపుకు పంపి మైక్రోమీటరుతో అన్ని లోబుల ఎత్తూ కొలిపించండి, ఒకటి మిగతావాటికంటే తక్కువైతే కంటికి కనిపించకపోయినా అంకెలో దొరుకుతుంది. గైడు అరిగిన ఇంజనులో చాలాసార్లు ఉదయం స్టార్టింగులో నీలి పొగ కూడా ఉంటుంది. కంప్రెషన్ పరీక్షలో ఒక సిలిండరు మిగతావాటికంటే బాగా తక్కువ చూపి, అందులో కొద్దిగా ఆయిల్ పోసి మళ్ళీ కొలిచినా పెరగకపోతే, లోపం పిస్టన్ రింగులలో కాక వాల్వులలోనో, హెడ్ గాస్కెట్‌లోనో ఉంది. హెడ్ దించే నిర్ణయం ఈ దశలో తీసుకుంటే దానికి ఆధారం ఉంటుంది.

బేరింగ్ కొట్టుడును ఎలా వేరుచేయాలి?

క్రాంక్ షాఫ్ట్ బేరింగ్ శబ్దం బరువుగా, తలుపు తట్టినట్టు కింది నుంచి వస్తుంది. లోడు మీద పెరుగుతుంది. ఒక్కొక్క సిలిండరు ఇంజెక్టరు కరెంటు ప్లగ్గును క్షణం విప్పి చూస్తే, లోపమున్న సిలిండరు దగ్గర ఆ కొట్టుడు బాగా తగ్గుతుంది. ట్యాపెట్ శబ్దం సిలిండరును ఆపినా దాదాపు మారదు. బేరింగ్ అని తేలితే కారును నడిపించుకుని రావద్దు, లాగించుకుని రండి.

ఈ శబ్దంతో హైదరాబాదు వెళ్ళి రావచ్చునా?

ఆయిల్ మట్టం, ప్రెషర్ సరిగా ఉండి, శబ్దం తేలికగా, నెలలుగా ఒకే తీరుగా ఉంటే, 275 కిలోమీటర్ల ప్రయాణం వల్ల ప్రమాదం తక్కువ. సూర్యాపేట దగ్గర ఆగినప్పుడు డిప్‌స్టిక్ ఒకసారి చూడండి. ఆయిల్ లైటు వెలిగినా, శబ్దం ఒక్కసారిగా బరువెక్కినా, చెక్ ఇంజన్ లైటు కొట్టుకుంటూ బండి ఊగినా అక్కడికక్కడే ఇంజన్ ఆపండి. "ఇంకో పది కిలోమీటర్లే కదా" అనుకుని నడిపిన ఆ పదిలోనే క్రాంక్ పోగొట్టుకున్నవారిని చూసి బాధపడ్డాను.

నా కారు తిరిగింది డెబ్భై వేలే. అప్పుడే ఇలా ఎందుకు వచ్చింది?

మీటరు దూరాన్ని లెక్కిస్తుంది, ఇంజన్ తిరిగిన గంటలను లెక్కించదు. గంటకు సగటున 60 కిలోమీటర్లతో హైవే మీద పదివేలు తిరిగిన ఇంజన్ 167 గంటలు పనిచేసింది. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డుల మధ్య గంటకు 20 సగటుతో అదే పదివేలు తిరిగినది 500 గంటలు పనిచేసింది. రెండూ ఒకే కిలోమీటర్లకు ఆయిల్ మార్పించుకుంటే రెండోదానికి మూడింతల అన్యాయం జరిగినట్టే. ఊళ్ళోనే తిరిగే కారుకు పుస్తకంలో కఠిన వాడకానికి ఇచ్చిన తక్కువ గడువును పాటించండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ శబ్దాన్ని ఎలా పట్టుకోవాలి?

వస్తున్నానని చెప్పిన సమయం కంటే ముందుగా, ఉదయం పూట వెళ్ళండి. స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తి ట్యాపెట్ కవర్ దగ్గరికి అరచేయి తీసుకువెళ్ళండి. అప్పటికే వెచ్చగా ఉంటే అమ్మేవారు ముందే నడిపి ఉంచారన్నమాట, మరొక ఉదయం వస్తానని చెప్పండి. డిప్‌స్టిక్ మీది ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూడండి, జిగురుగా తీగలు సాగితే ఏదో చిక్కటి మందు కలిపి ఉండవచ్చు. తరువాత మీరు బానెట్ దగ్గర ఉండి, వేరొకరి చేత స్టార్ట్ చేయించి, మొదటి నిమిషమంతా ఎవరితోనూ మాట్లాడకుండా వినండి.